కొండ కొండ కొండ మీద రాతిబొమ్మలు

ఈ శీర్షికలో మామూలుగా కొత్త చిప్పుల గురించో, కొత్త ప్రోగ్రామింగ్ భాషల గురించో చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి పన్నెండు వందల ఏళ్ళ నాటి రాళ్ళ గురించి రాస్తున్నాను. "టెక్నాలజీ పేజీలో చర్చి బొమ్మలేమిటి?" అని మౌస్ పక్కకి జరపబోయే మిత్రులకి ఒక్క మాట: ఈ వ్యాసంలో లీనియర్ ఆల్జీబ్రా ఉంది, లెగసీ సిస్టమ్స్ ఉన్నాయి, ఫైల్ ఫార్మాట్ల గోల కూడా ఉంది. కాకపోతే వాటన్నిటికీ ముందు ఒక కొండ ఎక్కాలి.

ఇంగ్లండు మధ్య భాగంలో కాంట్రాక్టు పనులు చేసుకునే మనవాళ్ళు ఎ-42 రోడ్డు మీద వెళ్తూ ఆ కొండని చూసే ఉంటారు. లెస్టర్‌షైర్ ఉత్తరపు అంచున, ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయానికి కాస్త దూరంలో, చుట్టూ చదును పొలాల మధ్య ఎవరో సగం కొరికి వదిలేసిన లడ్డూలా నిలబడి ఉంటుంది. కొరికింది సున్నపురాయి క్వారీ. మిగిలిన సగం మీద, సరిగ్గా అంచున, ఒక చర్చి. ఊరి పేరు బ్రీడన్ ఆన్ ద హిల్.

ముందు ఈ పేరు సంగతి. "బ్రీ" అంటే ఈ దీవిలోని పాత కెల్టిక్ భాషలో కొండ. తర్వాత వచ్చిన శాక్సన్లకి ఆ మాట అర్థం తెలియక, తమ భాషలో కొండ అనే అర్థమున్న "డన్" తగిలించారు. ఆ తర్వాతి వాళ్ళకి ఆ రెండూ అర్థం కాక "ఆన్ ద హిల్" అని చేర్చారు. వెరసి "కొండకొండ కొండమీద". మనం "పిన్ నంబర్" అనీ, "ఎల్.సి.డి. డిస్‌ప్లే" అనీ అనడం లేదూ? పాత మాడ్యూల్‌లో ఏముందో చదవకుండా దాని మీద ఇంకో పొర కట్టే అలవాటు మన వృత్తితో మొదలైంది కాదన్నమాట.

ఒక లెగసీ సిస్టమ్ కథ

చర్చి కంటే ముందే ఆ కొండ మీద ఇనుప యుగం నాటి కోట ఒకటి ఉండేది. దాని మట్టికట్టలో కొంత ఇప్పటికీ ఉంది, మిగతాది క్వారీకి ఆహుతైంది. క్రీ.శ. 7వ శతాబ్దం చివర్లో, ఈ ప్రాంతాన్ని మెర్సియా రాజులు ఏలుతున్నప్పుడు, ఇక్కడ ఒక క్రైస్తవ మఠం వెలిసింది. చరిత్రకారుడు బీడ్ 731లో ముగించిన తన గ్రంథంలో ఈ మఠం పేరు చెప్పాడు. కారణం, ఆ ఏడే ఈ మఠానికి చెందిన టాట్విన్ అనే ఆయన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయ్యాడు.

ఈ టాట్విన్ మనవాళ్ళకి నచ్చే మనిషి. లాటిన్ వ్యాకరణం ఒకటి రాశాడు. దాంతో పాటు నలభై పొడుపు పద్యాలు కూడా. ఆ నలభై పద్యాల మొదటి పాదాల్లో మొదటి అక్షరాలు వరసగా చదివితే ఒక వాక్యం వస్తుంది. అవే పాదాల్లో చివరి అక్షరాలు కింది నుంచి పైకి చదివితే ఇంకో వాక్యం. మన బంధకవిత్వం తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు గానీ, చెక్‌సమ్ లాంటిది పద్యాల్లో పెట్టుకున్న మఠాధికారి అంటే నాకు గౌరవం కలిగింది. ఒక పద్యం పోయినా, తారుమారైనా వెంటనే పట్టుబడిపోతుంది.

ఆ మఠంలో 8వ శతాబ్దం చివరా, 9వ శతాబ్దం మొదట్లోనూ చెక్కించిన శిల్పాలే మన విషయం. సుమారుగా అదే కాలానికి మన అలంపురంలో చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలు కట్టించి ముగించారు. కాలం ఊహించుకోవడానికి ఇది చాలు.

తర్వాత వైకింగులు వచ్చారు. 873-74 చలికాలంలో వాళ్ళ సైన్యం ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న రెప్టన్‌లో మకాం వేసింది. 12వ శతాబ్దంలో కొండ మీద కొత్తగా అగస్టీనియన్ సన్యాసుల మఠం కట్టారు. 1539లో ఎనిమిదో హెన్రీ ఆజ్ఞల ధర్మమా అని అదీ మూతబడింది. అప్పుడు షర్లీ కుటుంబం వాళ్ళు తమ వాళ్ళ సమాధుల కోసం ఆ కట్టడాన్ని కొనుక్కున్నారు. సన్యాసుల చర్చిలో తూర్పు భాగం అలా మిగిలి, ఈనాటి ఊరి చర్చి అయింది. లోపల 1627 నాటి షర్లీ వారి చెక్క కూర్చుంటు ఉంది. అదొక చిన్న గది! పెద్ద మేనేజరు క్యాబిన్ లాగా చుట్టూ గోడలతో, మామూలు జనానికి దూరంగా.

ఇన్ని మార్పుల్లోనూ ప్రతి తరం మేస్త్రీలు పాత శాక్సన్ రాళ్ళని పారెయ్యకుండా కొత్త గోడల్లో పెట్టుకుంటూ వచ్చారు. కొన్ని తూర్పు గోడలో, కొన్ని పక్క నడవలో, కొన్ని కమానుల మధ్య జాగాల్లో. ఏ రాయి మొదట ఎక్కడుండేదో రాసిపెట్టిన కాగితం లేదు. కోడ్ నడుస్తోంది, డాక్యుమెంటేషన్ లేదు, రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. మనలో చాలామంది జీతం తీసుకునేది ఇలాంటి వాటి మీద పనిచెయ్యడానికే కదా!

ఏం బొమ్మలు?

ఎక్కువ భాగం సన్నటి పట్టీలు. జానెడు ఎత్తు, అన్నీ కలిపి పొడవు 60 అడుగులు దాటుతుంది. ద్రాక్షతీగలు మెలికలు తిరుగుతూ పోతాయి, వాటి మధ్య సున్నాల్లాంటి సుడులు, గ్రీకు గడుల ముగ్గులు, అల్లికలు. వెడల్పాటి పట్టీల్లో పిట్టలు గింజలు పొడుచుకుంటూ ఉంటాయి. సింహాల్లాంటి మృగాలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, మనుషులు తీగల్లో చిక్కుకుని ఉంటారు. ఒక చోట ఈటెలు పట్టుకున్న రౌతులు. ఇవి కాక విడి పలకలు ఉన్నాయి. పుస్తకం పట్టుకున్న మరియమ్మ, కమానుల కింద నిలబడ్డ మునులు. అందరికంటే పేరున్నది "బ్రీడన్ ఏంజెల్". అసలు శిల్పం గంటలు మోగించే గదిలో, గోపురం పైన ఉంది. కింద భక్తులకి కనబడేది దాని నకలు. ఆ దేవదూత కుడి చేత్తో దీవిస్తున్న ముద్ర ఇంగ్లండు పద్ధతి కాదు, బైజాంటియం పద్ధతి. ఉంగరం వేలు బొటనవేలిని తాకుతుంది.

ఇంగ్లండు నట్టనడుమ పల్లెటూళ్ళో తూర్పు రోమన్ సామ్రాజ్యపు ముద్ర ఎలా వచ్చింది? తీగలూ, మృగాలూ కూడా సిరియా, ఈజిప్టుల దంతపు పెట్టెల మీదా పట్టుబట్టల మీదా ఉన్నవాటికి చుట్టాల్లాగే ఉన్నాయని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. మెర్సియా రాజు ఆఫా పాలించింది 757 నుంచి 796 వరకు. ఆయన వేయించిన ఒక బంగారు నాణెం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బాగ్దాదు ఖలీఫా అల్ మన్సూర్ దీనారుకి అది నకలు. అరబిక్ అక్షరాలు అచ్చం దింపేసి, మధ్యలో "ఆఫా రెక్స్" అని లాటిన్‌లో చేర్చారు. చేర్చింది అరబిక్‌కి తలకిందులుగా! అర్థం తెలియకుండా కాపీ పేస్ట్ చేసినవాడిని పట్టుకోవడం ఎప్పుడూ ఇంత తేలికే. కానీ ఆ నాణెం చెప్పే అసలు సంగతి వేరు. 8వ శతాబ్దంలో బాగ్దాదు సరుకు మెర్సియా దాకా వచ్చేది. సరుకుతో బాటు బొమ్మలూ వచ్చేవి.

ఇక పనితనం. ఈ శిల్పులు రాయిని పైపైన గీయలేదు. తీగ వెనక, ఆకు వెనక లోతుగా తొలిచారు. కళ్ళలో పాపల చోట గుంటలు పెట్టారు. దాంతో బొమ్మ నిజానికి రాయితో కాక నీడతో తయారైంది. దీపం వెలుగు పక్కనుంచి పడితే తీగ గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. అదే ట్యూబులైటు ఎదురుగా వేస్తే అంతా ఒక బూడిద రంగు రొట్టె. నేను వెళ్ళినప్పుడు అక్కడున్న పెద్దాయన అనుమతి తీసుకుని, అందేంత ఎత్తులో ఉన్న ఒక పలక పక్కన చిన్న టార్చి పట్టుకున్నాను. టార్చి రెండడుగులు కదిలేసరికి, అంతవరకూ మచ్చలా ఉన్నది పిట్ట ముక్కు అయి కూర్చుంది. వెలుగు ఇంకో పక్కకి పోగానే ముక్కు మాయమై కాలిగోళ్ళు తేలాయి. ఏ ఒక్క ఫోటోలోనూ ఈ రెండూ కలిసి పడవు. మన టెక్నాలజీ పని ఇక్కడ మొదలవుతుంది.

ప్రతి చుక్కకీ ఆరు సంఖ్యలు

2001లో హ్యూలెట్ పాకర్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులూ ఒక పద్ధతి ప్రకటించారు. పేరు పాలినామియల్ టెక్స్చర్ మ్యాపింగ్. ఇప్పుడు దాన్నీ దాని తమ్ముళ్ళనీ కలిపి ఆర్.టి.ఐ. అంటున్నారు, అంటే రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్. మన సమాచార హక్కు చట్టానికీ దీనికీ చుట్టరికం లేదు గానీ, రాయి దగ్గర దాచిన సమాచారం అడిగి పుచ్చుకోవడమే ఇదీను.

పద్ధతి చాలా సులువు. కెమెరా కదలకూడదు, వస్తువు కదలకూడదు. వెలుగు మాత్రం కదలాలి. వస్తువు మీద గొడుగు బోర్లించినట్టు ఊహించుకుని, ఆ గొడుగు లోపలి నుంచి నలభై యాభై చోట్ల ఫ్లాష్ కొట్టి, చోటుకొక ఫోటో తియ్యాలి. వెలుగు ప్రతిసారీ ఒకే దూరంలో ఉండాలి. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఒక దారం చాలు. దారంతో దూరం కొలుచుకుని, ఫోటో తీసేముందు దాన్ని పక్కకి తీసేస్తారు. మరి వెలుగు ఏ దిక్కునుంచి వచ్చిందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఫ్రేములో ఒక మూల నున్నటి నల్ల గుండు పెడతారు. ఇక్కడ చాలామంది వాడేది స్నూకర్ ఆటలో నల్ల బంతి! ఆ బంతి మీద మెరిసిన చుక్క ఎక్కడుందో చూస్తే వెలుగు దిక్కు లెక్క కట్టొచ్చు.

ఇప్పుడు బొమ్మలో ఒకే ఒక పిక్సెల్ తీసుకోండి. నలభై ఎనిమిది ఫోటోల్లో దానికి నలభై ఎనిమిది వెలుతురు విలువలు ఉంటాయి. వెలుగు దిక్కుని రెండు సంఖ్యలతో చెప్పొచ్చు, అడ్డం ఒకటి, నిలువు ఒకటి. ఆ రెండిటి వర్గాలు, వాటి లబ్ధం, ఆ రెండూ, ఒక స్థిరాంకం, మొత్తం ఆరు పదాలు. ఒక్కొక్క పదానికి ఒక గుణకం. నలభై ఎనిమిది సమీకరణాలు, ఆరు తెలియనివి. ఇంజనీరింగులో చదువుకున్న లీస్ట్ స్క్వేర్స్ గుర్తుందా? అంతే. ఇంకా చక్కటి సంగతేమిటంటే, వెలుగు దిక్కులు అన్ని పిక్సెళ్ళకీ ఒకటే కాబట్టి మాత్రిక పని ఒక్కసారి చేస్తే చాలు. 2001 నాటి కంప్యూటర్లు కూడా సునాయాసంగా చేసేశాయి.

లెక్క వేద్దాం. 2000 అడ్డం, 1500 నిలువు బొమ్మంటే 30 లక్షల పిక్సెళ్ళు. ఒక్కొక్క దానికి ఆరు గుణకాలు చొప్పున 1 కోటీ 80 లక్షల సంఖ్యలు. రంగు కోసం ఇంకో మూడు బైట్లు చేర్చుకుని, పిక్సెల్‌కి 9 బైట్లు అనుకుంటే 27 మెగాబైట్లు. పెళ్ళి వీడియోలో ఒక మూలకి కూడా రాదు. ఆ ఫైలు తెరిచి మౌస్ కదిపితే చాలు, మనం ఎన్నడూ ఫ్లాష్ కొట్టని దిక్కునుంచి కూడా వెలుగు పడుతుంది. పైగా ఏ దిక్కునుంచి వెలుగు పడితే ఒక పిక్సెల్ బాగా మెరుస్తుందో తెలిస్తే, అక్కడ రాయి ఎటు వాలి ఉందో తెలిసినట్టే. రంగూ మరకలూ తీసేసి, ఉత్త ఆకారాన్ని మెరిసే లోహంలా చూపించమంటే చూపిస్తుంది. అరిగిన అక్షరాలు అప్పుడు పైకి లేస్తాయి. మట్టిపలకల మీది క్యూనిఫారం రాతలకీ, 2005లో ఏథెన్స్‌లో యాంటికితెరా యంత్రపు శిథిలాలకీ దీన్ని వాడింది అందుకే.

నేను ఇంట్లో వంటింటి బల్ల మీద, మా నాయనమ్మ దాచిన అరిగిన కాణీ పెట్టి, బంతి బదులు సైకిల్ బేరింగు గుండు పక్కన ఉంచి ఒక ఆదివారం ప్రయత్నించాను. సాఫ్ట్‌వేర్ ఉచితమే. కంటికి సగమే కనబడే సంవత్సరం తెర మీద నాలుగంకెలూ కనిపించింది. మా ఆవిడ "ఈ మాత్రానికి వంట ఆపించారా?" అంది గానీ, తరవాత మౌస్ తనే తీసుకుంది.

ఎక్కడ సరిపోదు?

ప్రతి అల్గారిదమ్‌కీ ఒక నమ్మకం ఉంటుంది, అది ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవాలి. ఆరు పదాల సమీకరణం వెలుతురు మెల్లగా మారుతుందని నమ్ముతుంది. బ్రీడన్ తీగల వెనక లోతైన గోతుల్లో నీడ ఒక్కసారిగా పడుతుంది. అక్కడ సమీకరణం ఆ అంచుని మెత్తగా పులిమేస్తుంది. పైగా ఆర్.టి.ఐ. వాలు చెబుతుంది కానీ లోతుని నేరుగా కొలవదు. పల్చటి గీతలకి, నాణేలకి, శాసనాలకి అది రాజు. లోతుగా తొలిచిన శిల్పానికి ఇంకో సాధనం కావాలి.

అదే ఫోటోగ్రామెట్రీ. ఇక్కడ వెలుగు కదలదు, కెమెరా కదులుతుంది. ఒక ఫోటోకీ పక్క ఫోటోకీ మూడింట రెండు వంతులైనా కలిసేలా, అన్ని కోణాల నుంచీ తీసుకుంటూ పోవాలి. 1999లో డేవిడ్ లోవ్ ప్రకటించిన సిఫ్ట్ లాంటి పద్ధతులతో, ఒకే చుక్క వేర్వేరు ఫోటోల్లో ఎక్కడుందో ప్రోగ్రాము గుర్తుపడుతుంది. దాన్నిబట్టి కెమెరా ఎక్కడ నిలబడిందీ, ఆ చుక్క శూన్యంలో ఎక్కడుందీ రెండూ ఒకేసారి లెక్క కడుతుంది. కోల్‌మ్యాప్, మెష్‌రూమ్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఒక్కటి మరవకండి. ఫ్రేములో స్కేలు పెట్టకపోతే తయారైన నమూనా జానెడో బారెడో దానికి తెలియదు. 2020 నుంచి కొన్ని ఫోన్లలో వస్తున్న లైడార్‌తో గది కొలవచ్చు గానీ, పిట్ట ముక్కు పట్టడానికి అది చాలదు.

ఎందుకింత తాపత్రయం?

రాయి ఉందిగా, బొమ్మ తీసుకుని ఏం చేస్తాం అనిపించవచ్చు. 2019 ఏప్రిల్‌లో పారిస్ నోత్రదామ్ తగలబడింది. ఆ చర్చిని అంతకు చాలా ఏళ్ళ ముందే ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు లేజరుతో, వంద కోట్లకి పైగా చుక్కలుగా కొలిచి పెట్టాడు. ఆయన 2018లోనే పోయాడు. ఆ కొలతలు మాత్రం మిగిలాయి. ఊరి చర్చిలకి అంత పెద్ద అగ్నిప్రమాదం అక్కర్లేదు. ఈ దేశంలో చర్చి కప్పుల మీది సీసపు రేకులు దొంగలెత్తుకుపోవడం ఎప్పుడూ వినే వార్తే. రేకు పోతే వాన లోపలికి, తేమ గోడలోకి, ఉప్పు రాతిలోకి. బొమ్మ పొడిపొడిగా రాలుతుంది. దాన్ని కనిపెట్టాలంటే నిన్నటి కొలత ఇవాళ మన దగ్గరుండాలి. వెర్షన్ కంట్రోల్ అంటే అదే కదా.

అయితే ఇందులో మన వృత్తి తల దించుకోవలసిన కథ కూడా ఒకటుంది. 1086లో విజేత విలియం రాయించిన డూమ్స్‌డే బుక్ ఇవాళ్టికీ చదవచ్చు. దానికి 900 ఏళ్ళు నిండాయని 1986లో బి.బి.సి. లేజర్ డిస్కుల మీద కొత్త డూమ్స్‌డే చేసింది. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలే దొరకలేదు. 2002లో పరిశోధకులు ఎమ్యులేటర్ రాసి దాన్ని బతికించాల్సి వచ్చింది. చర్మం మీది రాతకి తొమ్మిది శతాబ్దాలు, మన డిస్కుకి పదిహేనేళ్ళు! కాబట్టి ఏ రాతిని స్కాన్ చేసినా, తయారైన అందమైన నమూనా ఒక్కటే దాచుకుంటే చాలదు. అసలు ఫోటోలు, తీసిన తేదీ, కెమెరా వివరాలు, స్కేలు, అన్నీ మామూలు ఫార్మాట్లలో రెండు మూడు చోట్ల ఉండాలి. ఇరవై ఏళ్ళ తర్వాత మెరుగైన అల్గారిదమ్ వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ ముడిసరుకే.

ఇదంతా మన దాకా ఎలా వస్తుందంటే, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఆఫా నాణెం ఉన్న కప్పు కిందే మన అమరావతి స్తూపం పలకలూ ఉన్నాయి. కాలిన్ మెకంజీ అమరావతిని మొదట చూసింది 1797లో. తిరిగి 1816లో వచ్చేసరికి చాలా రాళ్ళు పోయాయి. మిగిలినవాటికి తన చిత్రకారుల చేత కొలతలతో సహా బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి. మెకంజీ మనుషులు గీసిన పలకల్లో కొన్ని ఇవాళ ఎక్కడా లేవు. వాటికి మిగిలిన రూపం ఆ కాగితాలే. ఇక్కడ బ్రీడన్ కొండనీ సున్నం కోసం తవ్వారు, అక్కడ అమరావతి సున్నపురాతినీ సున్నం కోసం కాల్చారు. తేడా ఏమిటంటే, ఇక్కడ చర్చి నిత్యం వాడుకలో ఉండటంతో దాని గోడల్లోని రాళ్ళు నిలిచాయి. వాడుక తప్పిన స్తూపానికి ఆ రక్షణ లేకపోయింది.

మన ఊళ్ళలో చెరువుగట్ల మీద వీరగల్లులు, గుడి ప్రాకారంలో ముక్కలైన శాసనాలు ఇంకా ఉన్నాయి. కొన్నిటి మీద ఏటేటా సున్నమో, ఆయిల్ పెయింటో పడుతోంది. ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు ఒక గంట కేటాయించండి. పూజారిగారినో సర్పంచిగారినో ముందు అడగండి. పురావస్తు శాఖ వారి రక్షణలో ఉంటే వారి అనుమతి తీసుకోండి. రాతి మీద సుద్దముక్కతో గీయకండి, నూనె పోయకండి, తోమకండి. శాసన నిపుణులు మసి అద్ది కాగితం మీద ముద్ర తీస్తారు, అది వాళ్ళ పని. మనకి వెలుగు చాలు. సాయంకాలం ఏటవాలు ఎండలో, పక్కన స్కేలు పెట్టి, ఒక వరుసలో అరవై ఫోటోలు తియ్యండి. ఊరి పేరు, చోటు, తేదీ అదే ఫోల్డరులో మామూలు టెక్స్ట్ ఫైలుగా రాసిపెట్టండి. ఒక కాపీ ఊళ్ళోవాళ్ళకి కూడా ఇచ్చి రండి.

ఖర్చు దాదాపు ఏమీ లేదు. కావలసినదల్లా ఫోను, స్కేలు, ఓపిక. నల్ల బంతి, దారం మాత్రం వచ్చే ఏడాదికి.